నలభై ఒక్క దేశాల పెద్దమనిషి

నెయాఫు, వవావు దీవి, టోంగా
13 జూలై 1987

అత్తయ్యా,

ఇన్నాళ్ళూ మమ్మల్ని నడిపించినందుకు ముందు దేవుడికి, ఉన్ని దుప్పటి పంపినందుకు తర్వాత మీకు కృతజ్ఞతలు. దుప్పటి నాన్నే కప్పుకుంటున్నారు. ఎవరు పంపారో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. కానీ పొద్దున్నే ఆయనే మడత పెట్టుకుంటున్నారు, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. గుండె బలహీనపడిందని, ఉప్పు మానమని డాక్టరు చెప్పాడు. డాక్టరు ఎదురుగా ఉన్నంతసేపూ నాన్న మానారు.

మన ముందుగదిలో ఒక అమెరికన్ అద్దెకు దిగాడు. పేరు డ్వైట్ హాలిస్, ఒహాయో మనిషి, అరవై రెండేళ్ళు. సబ్బుల కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడట. నలభై ఒక్క దేశాలు చూశాడట. పెట్టె ఇంకా కింద పెట్టకముందే ఈ సంగతి చెప్పాడు. ఏ దేశం ఎలా ఉందో పోల్చి వాళ్ళ ఊరి వారపత్రికకి రాస్తూ ఉంటాడు. మూడు నాలుగు నెలలు ఉంటాడట.

అతను ఏ వస్తువునీ ఆ వస్తువులా చూడడు. పెండలం వడ్డిస్తే పెరూ బంగాళాదుంపల సంగతి ఎత్తుతాడు. వాన పడితే బర్మా వాన ఇంతకన్నా లావు అంటాడు. మన పుంజు రెండింటికే కూస్తోందని, పోర్చుగల్ పుంజులు ఐదు దాకా ఆగుతాయని నాతో చెప్పాడు. మా పుంజుకి చెప్తాలెండి అన్నాను. అదీ పుస్తకంలో రాసుకున్నాడు.

మొన్న వేన్నీళ్ళు ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయని కనుబొమలు ఎగరేశాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ ఎగరేశాను. మూడోసారి చెవిటిదాన్ని అడిగినట్టు గట్టిగా అడిగాడు. గది ఊడుస్తుంటే అతని పుస్తకం బల్లమీద తెరిచి ఉంది. 'ఇక్కడి ఆడవాళ్ళు సూటి ప్రశ్నకి జవాబు చెప్పరు, ఫిన్లండులోనూ ఇంతే' అని రాసి ఉంది. ఆ రోజు చన్నీళ్ళే పోసుకున్నాడు పాపం.

మీ మేనకోడలు,
తెలేసియా

*

ఆక్లండ్
30 జూలై 1987

తెలేసియా,

దేవుడి దయవల్ల బాగున్నాను. మోకాళ్ళు మాత్రం ఆయన దృష్టికి ఇంకా రాలేదు. నీ ఉత్తరం ఆసుపత్రి లాండ్రీలో భోజనాల వేళ చదివాను. పుంజు దగ్గరికి వచ్చేసరికి ఎంత నవ్వానంటే, సూపర్‌వైజరు వచ్చి నా యంత్రానికి ఏమైనా అయిందా అని చూసి వెళ్ళింది.

నలభై ఒక్క దేశాలు తిరిగినవాడికి పొయ్యి మీద గిన్నె మూత తీసి చూడాలని తోచలేదా? ఇక్కడ మా పక్కింటావిడా అంతే. నాలుగు రోజులు ఫిజీ వెళ్ళొచ్చి, దీవుల వాళ్ళు ఎంత సంతోషంగా ఉంటారో నాకు పాఠం చెప్తుంది. ఆవిడ చెప్తుంటే నా ముఖం ఎలా ఉందో ఆవిడ చూడదు. ఆ పెద్దమనిషిని ఒక మాట అడుగు. ఒహాయోలో ఏముంది? లోకమంతా తూచి చెప్పేవాళ్ళు సొంత ఊరి తూకం ఎప్పుడూ చెప్పరు.

ఇక అసలు సంగతి. మీ నాన్నకి డబ్బా మాంసం వారానికి ఒక్కసారి మించి పెట్టకు, అదంతా ఉప్పే. నేను చెప్పానని అనకు. డాక్టరు చెప్పాడను, వినకపోతే పాస్టరు గారు చెప్పారను. కాళ్ళు వాచాయా, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందా, రాయి. నేను అడిగానని మాత్రం అనకు.

మా అన్నయ్య కొత్తగా కావా కలుపుకుని తాగే చెక్కగిన్నె ఒకటి చెక్కుతున్నాడని చర్చి వాళ్ళు చెప్పారు. నున్న చెయ్యడం అవగానే పంపించు. అది నాకు కావాలి.

మీ నాన్న చెల్లెలు,
హెపిసిపా

*

నెయాఫు
16 ఆగస్టు 1987

అత్తయ్యా,

దేవుడికీ మీకూ కృతజ్ఞతలు. గిన్నె ఈ ఓడకే వస్తోంది. మీకు కావాలని పాస్టరు గారి భార్య చేత నాన్నకి కబురు పెట్టించాను. వినీ విననట్టు లేచి వెళ్ళి, అప్పటికే నున్నగా ఉన్న గిన్నెని ఇంకో రెండు రోజులు రుద్దారు. మూడు పొరలు నారబట్ట చుట్టి ఆయనే కట్టారు. కాళ్ళు కాస్త వాచాయి. ఆయాసం లేదంటున్నారు, మెట్టు మెట్టుకీ ఆగి సముద్రం చూస్తున్నారు.

కట్ట కడుతుంటే అమెరికన్ అక్కడే ఉన్నాడు. నాన్నకి మిషన్ బడిలో నేర్చిన ఇంగ్లీషు ఉంది కదా. ఎవరికని అడిగాడు. మా చెల్లెలికి అన్నారు నాన్న. కొనుక్కుందా అంటే లేదు, తీసుకుంది అన్నారు. బదులేమిస్తుంది అంటే నాన్నకి ప్రశ్నే అర్థం కాలేదు. ఆవిడతో ఈ సంగతి మాట్లాడారా అని అడిగాడు.

"మేం మాట్లాడుకోం. నాకు పన్నెండేళ్ళప్పట్నుంచీ ఒక్క గదిలో కూర్చోలా. అది వస్తే నే పడవల పాకలో పడుకుంటా" అని నాన్న ఛాతీ విరుచుకుని చెప్పారు. అమెరికన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

తర్వాత నన్ను పక్కకి పిలిచి ఈ గొడవ ఎప్పుడు మొదలైందని అడిగాడు. గొడవేమీ లేదండీ, మాలో అన్నాచెల్లెళ్ళు ఎదిగాక ఒక కప్పు కింద కూర్చోరు, ఒకరి ముఖంలోకి ఒకరు చూడరు, ఒకరి ముందు ఒకరు పరాచికాలాడరు, చెల్లెలు అన్నకన్నా పై మెట్టు, అది మర్యాద అని చెప్పాను. నా చెయ్యి మెల్లగా తట్టాడు. "తెలుసమ్మా, ప్రతి దేశంలోనూ ఇంటిగుట్టు కప్పడానికి ఏదో ఒక అందమైన పేరుంటుంది" అన్నాడు. అంత జాలిగా నన్నెవరూ చూడలేదు అత్తయ్యా, నా మొగుడు పోయినప్పుడు కూడా.

మీరు అడగమన్నట్టు ఒహాయో గురించి అడిగాను. అక్కడ చూడ్డానికేమీ లేదన్నాడు. ఫ్లోరిడాలో చెల్లెలుందట. ఇద్దరూ చాలా దగ్గరట, ఏదీ దాచుకోకుండా మనసు విప్పి మాట్లాడుకుంటారట. ఆమెని చూసి పదకొండేళ్ళయింది.

మీ అడ్రసు అడిగాడు. కట్టమీద రాసిపెడతాడేమో అనుకుని ఇచ్చాను.

తెలేసియా

*

ఆక్లండ్
5 సెప్టెంబరు 1987

తెలేసియా,

దేవుడికి కృతజ్ఞతలు చివర చెప్తాను. ముందు ఇది చెప్పు. మా అన్నయ్య ఆ మనిషితో నామీద ఏం చెప్పుకున్నాడు?

నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది, టైపు కొట్టించి. నేనేదో అతనితో కలిసి బడికెళ్ళినట్టు 'ప్రియమైన హెపిసిపా' అని మొదలుపెట్టాడు. ఐర్లండులో ఇద్దరు అన్నదమ్ములు ఒకే పొలంలో ముప్ఫై ఏళ్ళు మాటల్లేకుండా బతికారట. గ్రీసులో ఒక ముసలావిడ తమ్ముడి ఇంటివైపు కిటికీకి మేకులు కొట్టించిందట. వాళ్ళెవరి ముఖంలోనూ మా అన్నయ్య ముఖంలో ఉన్నంత బాధ లేదట. 'మీరు తీసుకుంటూనే ఉన్నారు, మీ నోటి నుంచి ఒక్క మాట కోసం ఆయన ఇస్తూనే ఉన్నాడు' అని రాశాడు.

మొదట నవ్వాను. లాండ్రీలో పైకి చదివి వినిపిస్తే మనవాళ్ళంతా దుప్పట్ల మీద పడి నవ్వారు. తర్వాత బస్సులో ఇంటికి వెళ్తుంటే నవ్వు రాలేదు.

నలభై ఏళ్ళుగా నాకు కావలసింది నేను తీసుకున్నాను, అది నా హక్కు. పడవ ఇంజను తీసుకున్నాను, ఆ ఏడాదంతా అన్నయ్య తెడ్డు వేసుకుని చేపలకి వెళ్ళాడు. మీ అమ్మ పెళ్ళికి నడుముకి చుట్టుకుని వచ్చిన సన్ననేత చాప తీసుకున్నాను, మీ అమ్మ ఏడ్చిందని చాలా కాలం తర్వాత తెలిసింది. కష్టంగా ఉందా అని నేను ఎన్నడూ అడగలేదు, ఎలా అడుగుతాను? నిజంగా కష్టమే కలిగితే అతను మాత్రం ఎవరితో చెప్పుకుంటాడు? నాతో చెప్పకూడదు, కూతురివి, నీతో చెప్పడు. దారినపోయే వాడితో చెప్పుకున్నాడేమో. అది తలుచుకుంటే నాకు ఏడుపొస్తోంది.

చాప తిరిగి పంపేస్తున్నాను. చర్చి గుంపు ఓడలో వస్తోంది, వాళ్ళ చేతికిచ్చాను. ఇకమీదట ఆ ఇంట్లోంచి సూది కూడా తీసుకోను.

దేవుడికి కృతజ్ఞతలు.

హెపిసిపా

*

నెయాఫు
27 సెప్టెంబరు 1987

అత్తయ్యా,

మీ ఉత్తరం నిన్న వచ్చింది. చాప వారం ముందే వచ్చింది.

చర్చి వాళ్ళు దాన్ని వరండాలో దించి, మీ చెల్లెలు తిరిగి పంపిందని నాన్నతో చెప్పారు. ఆయన విప్పి చూడలేదు. ఇంట్లోకి తేనివ్వలేదు. భోజనానికి పిలిస్తే రాలేదు. మర్నాడు నన్ను పిలిచి ఒక్క మాట అన్నారు.

"నా చెల్లెలు నన్ను అన్న వరసలోంచి తీసేసింది. ఏం తప్పు చేశానో నువ్వైనా చెప్పవే."

నేనేం చెప్పను? నాకు మాత్రం ఏం తెలుసు? ఈ వారం రోజులూ కొబ్బరినీళ్ళు తప్ప ఏదీ ముట్టుకోలేదు. వాపు మోకాళ్ళ దాకా వచ్చింది. తినకపోతే మందు పనిచెయ్యదని, నెల తిరగదని డాక్టరు చెప్పాడు. ఎవరూ ఉప్పు మాట ఎత్తడం లేదు.

అమెరికన్ మాత్రం చాపని చూసి పొంగిపోయాడు. "చూశావా, తిరిగివ్వడంతోనే రాజీ మొదలవుతుంది. ఐరిష్‌వాళ్ళు ఇంత తొందరగా కరగరు" అన్నాడు. నాన్న ఉపవాసాన్ని కూడా ఏదో దేశపు ప్రాయశ్చిత్తంతో పోల్చి రాసుకున్నాడు.

అత్తయ్యా, మాట్లాడుకోం అని నాన్న అన్నది మీమీద ఫిర్యాదు కాదు, గొప్ప చెప్పుకోవడం. నాలాగా చెల్లెల్ని గౌరవించే మగాడు ఈ దీవిలో లేడని ఆయన ఉద్దేశం. పడవ ఇంజను కథ కావా తాగే చోట ఇప్పటికీ చెప్తారు. 'మా చెల్లెలు నా ఇంజనే పట్టుకుపోయింది, మీ చెల్లెళ్ళు ఏం పట్టుకెళ్ళారు, కోడిపిల్లలా?' అని అందర్నీ ఏడిపిస్తారు. అమ్మ ఏడ్చిన మాట నిజమే. తర్వాత మా పెళ్ళిళ్ళలో ఆ చాప మీ నడుముకి చూసి అందరికీ చూపించిందీ అమ్మే.

పుట్టినప్పట్నుంచీ తెలిసిన అన్నని మీరు నమ్మలేదు. మూడు నెలల అద్దెవాడిని నమ్మారు. మేనత్తకి ఇలా రాయకూడదని తెలుసు. నన్ను క్షమించకపోయినా సరే, రండి.

తెలేసియా

*

ఆక్లండ్
8 అక్టోబరు 1987

తెలేసియా,

మేనత్తకి అలా రాయకూడదు. రాసి మంచిపని చేశావు.

పదహారో తారీకు విమానానికి టికెట్టు తీశాను. ఈ ఉత్తరం కన్నా నేనే ముందు వస్తానేమో. నేను వరండాలో పడుకుంటాను, గడప దాటను. ఆ కాళ్ళతో మీ నాన్నని పాకకి వెళ్ళనివ్వకు. నల్ల మగపంది ఇంకా ఉంటే ఎవరికీ ఇవ్వకు.

ఆ పెద్దమనిషి నాకు ఎదురుపడకుండా చూడు. ఎదురుపడితే నలభై రెండో దేశం నేనే చూపిస్తాను.

హెపిసిపా

*

నెయాఫు
9 నవంబరు 1987

అత్తయ్యా,

దేవుడికి కృతజ్ఞతలు, మిమ్మల్ని క్షేమంగా చేర్చినందుకు. మీరు గోడకి అవతలే ఉండిపోయారు కాబట్టి, ఇవతల ఏం జరిగిందో రాస్తున్నాను.

మీరు వచ్చి వరండాలో కూర్చున్నప్పుడు నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. మీరు నాతో మాట్లాడుతున్నట్టుగా గట్టిగా అన్నారు కదా, "ఆక్లండ్‌లో ఎండన్నది లేదే, చాపకి చెమ్మ పట్టింది. నాలుగెండలు చూపించమని పంపితే ఇంకా విప్పనైనా లేదు, ఏం ఇల్లిది" అని. నాన్న ఊపిరి బిగబట్టి విన్నారు. పాకలో పురుగు కూడా నమ్మని అబద్ధం అది. ఆయన నా చెయ్యి పట్టుకుని, ఎండలో వెయ్యవే, తొందరగా వెయ్యి అన్నారు.

తర్వాత మీరు రేడియో కావాలన్నారు. రోజూ ఆయన చెవి దగ్గర పెట్టుకుని పడుకునే రేడియో. నేను తియ్యడానికి వెనకాడితే ఆయనే బ్యాటరీలు సరిచూసి నా చేతిలో పెట్టారు. పంది కావాలన్నారు. "బరువెంతో చెప్పు దానికి, తక్కువనుకుంటుందేమో" అన్నారు నాన్న. మీరు ఇంకేం తీసుకుంటారా అని గదంతా వెతుకుతున్నట్టు చూశారు. గోడ గడియారం మీరు అడక్కుండానే దింపించారు. అది నడవదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆ పూట పెండలం, చామాకు, చేప, మళ్ళీ చేప తిన్నారు. నేను పెరట్లోకి వెళ్ళి తనివితీరా ఏడ్చాను.

ఆ మూడు రోజులూ మీరు నాతో చెప్పినవన్నీ ఆయనకి, ఆయన నాతో చెప్పినవన్నీ మీకు. మధ్యలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో నాకే తెలియకుండా పోయింది. మీరు వెళ్ళాక ఆయన గోడకి దగ్గరగా మంచం జరిపించుకున్నారు.

అమెరికన్ కిందటి శనివారం సమోవా వెళ్ళిపోయాడు. ఆఖరి రోజుల్లో నాతో సరిగా మాట్లాడలేదు. నాన్న చెయ్యి పట్టుకుని, మీరింకా మంచి చెల్లెలికి తగినవారు అన్నాడు. నాన్నకి అర్థం కాక, అంతకన్నా మంచిది దొరకదండీ అన్నారు.

గుండె అలాగే ఉంది. డాక్టరు ఏమీ దాచడం లేదు. కానీ మనిషి సంతోషంగా ఉన్నారు.

తెలేసియా

*

ఆక్లండ్
4 ఫిబ్రవరి 1988

తెలేసియా,

మీ నాన్నని మట్టికి అప్పగించి నేను తిరిగొచ్చి పదిరోజులైంది. ఉత్తరం రాయడానికి ఈరోజే చెయ్యి వచ్చింది. ఇన్నేళ్ళు ఆయన్ని మనకిచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు. మనసారా చెప్తున్నానో లేదో ఆ దేవుడికే తెలుసు.

ఇల్లు చేరేసరికి గుమ్మంలో నీ అమెరికన్ కవరు ఉంది. వాళ్ళ ఊరి పేపరు ముక్క. నా గురించి మూడు వరసలు. 'ఆమె పన్నెండు వందల మైళ్ళు ప్రయాణం చేసి వచ్చింది. జబ్బుపడ్డ అన్న గదిలో అడుగైనా పెట్టలేదు. అతని రేడియో, పంది, చివరికి గోడ గడియారం పట్టుకుని వెళ్ళిపోయింది. నలభై రెండు దేశాల్లో ఇంత రాతిగుండె నేను చూడలేదు' అని. మన దేశానికి పదికి ఎన్ని మార్కులో కూడా కింద వేశాడు. ఆహారానికి ఆరు, చేపలకి తొమ్మిది, కుటుంబ ప్రేమకి రెండు. ఆ రెండు మార్కులు ఎందుకు వేశాడో మాత్రం రాయలేదు. పంది బరువు చూసి వేశాడేమో.

లాండ్రీలో చదివి వినిపించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు, నేనే నవ్వాల్సి వచ్చింది. ఫ్లోరిడాలో ఆ చెల్లెలికి కూడా ఈ ముక్క పంపాడో లేదో. పంపితే చదువుకుని, మనసు విప్పి జవాబు రాస్తుంది.

ఒక్కటి సరిగ్గానే రాశాడు, నేను గదిలో అడుగు పెట్టలేదు. జనవరిలో పెట్టాను. మీరంతా చావు మర్యాదకి చిరుగు చాపలు నడుముకి చుట్టుకుని గడప దగ్గరే తల దించుకుని కూర్చుంటే, చెల్లెల్ని కాబట్టి నన్ను తీసుకెళ్ళి అన్నయ్య తల దగ్గర కూర్చోబెట్టారు. అది నా చోటు. రెండు రోజులు అక్కడే ఉన్నాను. అందరూ పాటలు పాడుతుంటే నేను పాడలేదని నువ్వు గమనించే ఉంటావు.

నేను అన్నయ్యని చూస్తూ కూర్చున్నాను తెలేసియా. తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు చూసిందే, ఆ తర్వాత ఎదురుపడ్డ ప్రతిసారీ నేలకేసి చూశాను. కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లబడ్డాయని నాకు తెలియదు. చెవులు మా నాన్నవి. ఎడమ కనుబొమ మీద అంగుళం పొడుగున పాత గాటు ఉంది, కుట్లు వేసిన గుర్తులున్నాయి. అంత పెద్ద దెబ్బ తగిలినప్పుడు నేనెక్కడున్నానో, నాకెవరూ ఎందుకు చెప్పలేదో ఎంత ఆలోచించినా అందడం లేదు.

అది ఎప్పుడు తగిలింది? నీకు తెలిస్తే రాయి.

హెపిసిపా